ఆత్మరక్షణ శాసనములు: స్వేచ్ఛకు మూడు పరీక్షలు

ఒక దేశపు శాసనములను చదువుట ఆ దేశపు కావ్యములను చదువుటకంటె తక్కువ ప్రయోజనముగల పని కాదు. కావ్యములయందు ప్రజలు తామెట్లుండ గోరుదురో కనబడును. శాసనములయందు వారెవరికి భయపడుదురో, ఎవరిని నమ్ముదురో, ఎవరిని లెక్కలోనికి తీసికొనక విడిచిపెట్టుదురో కనబడును. ఈ తలంపుతోనే మేము అమెరికా సంయుక్తరాష్ట్రములలోని రాష్ట్రశాసనసభలు ఈ శతాబ్దమున ఆయుధధారణమును గూర్చియు, ఆత్మరక్షణమును గూర్చియు చేసిన శాసనములను, ఒక గ్రంథమును విమర్శించు రీతిగా విమర్శింప బూనితిమి.

ఆ శాసనములతో తెలుగువారికేమి పని యని కొందరడుగవచ్చును. టెక్సాసు, న్యూజెర్సీ, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములలో నేడు తెలుగు కుటుంబములు వేలకొలదిగా నివసించుచున్నవి. వారిలో కొందరు రాత్రివేళల అంగళ్లలోను, పెట్రోలు బంకులలోను ఒంటరిగా కూర్చుండి జీవనము చేయుచున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రమందలి ఒలేతా పట్టణమున, పని ముగించుకొని మిత్రునితో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరునొకనిని, పరదేశీయుడను ద్వేషముచేత ఒకడు కాల్చి చంపెను. అడ్డుపడిన అమెరికా దేశీయుడొకడు గాయపడెను. ఆ వార్త వినినపుడు మనలో ఒకడు, "అతని చేతిలో తుపాకి యుండిన బ్రదికెడివాడు కదా" యనెను. మరియొకడు, "ఆ దుర్మార్గుని చేతిలో తుపాకి లేకుండిన బ్రదికెడివాడు కదా" యనెను. ఈ రెండు మాటలును దుఃఖమునుండి పుట్టినవే, రెండింటను నిజమున్నది. ఈ రెండింటి నడుమ శాసనమెక్కడ నిలువవలెనన్నదే ప్రశ్నము.

మేము వ్యక్తిస్వేచ్ఛను ప్రధానముగా నమ్మువారము. ఆ సంగతిని మొదటనే చెప్పివేయుట న్యాయము. అమెరికాలో లిబర్టేరియనులని పిలువబడు స్వేచ్ఛావాదుల మతము సంగ్రహముగా నిది: ప్రతి మనుష్యుని దేహమును వానిదే, వాని కష్టార్జితమును వానిదే. ఒరుని మీద ముందుగా బలము ప్రయోగించు హక్కు ఎవనికిని లేదు, ప్రభుత్వమునకును లేదు. తనపై బలము ప్రయోగింపబడినపుడు దానిని బలముచేతనే ఎదుర్కొను హక్కు మాత్రము ప్రతివానికిని పుట్టుకతోనే కలదు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ లాకు ఈ వాదమునకు పునాది వేసెను. 1974లో రాబర్టు నోజిక్కను అమెరికా తత్త్వవేత్త, ప్రభుత్వము కావలివాని పనిని మించి చేయరాదని ఒక గొప్ప గ్రంథమున వాదించెను. మన ధర్మశాస్త్రకారులకును ఈ మూలసూత్రము తెలియనిది కాదు. ఇంటికి నిప్పు పెట్టువానిని, విషము పెట్టువానిని, ఆయుధమెత్తి మీదికి వచ్చువానిని వారు ఆతతాయులని పిలిచి, అట్టివానిని ఎదిరించి చంపినవానికి దోషము లేదనిరి. ఆ వేళ రాజాజ్ఞకై వేచియుండుమని వారు చెప్పలేదు.

అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చబడిన రెండవ సవరణము ఆయుధములను ఉంచుకొను హక్కును పేర్కొన్నది. అది వ్యక్తుల హక్కేయని సుప్రీంకోర్టు 2008లో స్పష్టముగా తీర్పు చెప్పెను. ఆ హక్కునకు రాష్ట్రప్రభుత్వములును బద్ధములేయని 2010లో చెప్పెను. ఇంటి వెలుపల ఆయుధము ధరించుటయు ఆ హక్కులోనిదేయని 2022లో న్యూయార్కు వ్యాజ్యమున చెప్పెను. అయినను హత్య, దొమ్మి, ఆత్మరక్షణము మున్నగువానిని విచారించునవి ముఖ్యముగా రాష్ట్రముల కోర్టులు. అనుసరించునవి రాష్ట్రముల శాసనములు. రాజ్యాంగము ఇంటికి పునాదివంటిది. తలుపు ఎక్కడ పెట్టవలెను, తాళపుచెవి ఎవరి చేతికీయవలెను అని తేల్చునది రాష్ట్రశాసనసభయే. కావున విమర్శయు అక్కడనే జరుగవలెను.

ముందుగా ఈ శాసనములలో మెచ్చదగిన భాగమును మెచ్చుదము. న్యూయార్కు రాష్ట్రములో 1911నాటి సల్లివన్ శాసనమునుండి తుపాకికి లైసెన్సు విధి ప్రబలినది. వెలుపల పిస్తోలు ధరింపగోరువాడు తనకు 'తగిన కారణము' కలదని అధికారిని ఒప్పింపవలసియుండెను. రాత్రి యొంటరిగా ఇంటికి నడచిపోవలెనన్న భయము తగిన కారణము కాకపోయెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత ఇచ్చట అక్షరాల నిజమైనది. రాజ్యాంగమిచ్చిన దానిని గుమాస్తా నిలుపుదల చేసెను. 2022నాటి తీర్పు త్రోసివేసినది ఈ 'తగిన కారణము'నే.

వెర్మాంటు రాష్ట్రము దీనికి సరిగా ఎదుటి కొన. అక్కడ ఆయుధము ధరించుటకు లైసెన్సను విధి ఏనాడును రాష్ట్రమున లేదు. రట్లండు పట్టణమువారు అట్టి నిబంధన నొకదానిని పెట్టగా, ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు 1903లోనే దానిని కొట్టివేసెను. అలాస్కా 2003లోను, అరిజోనా 2010లోను, టెక్సాసు 2021లోను, ఫ్లారిడా 2023లోను ఇట్టి మార్గమునే పట్టినవి. 2024లో లూయిసియానా, దక్షిణ కరొలైనాలు చేరుటతో లైసెన్సు లేకయే ఆయుధము ధరింపనిచ్చు రాష్ట్రముల సంఖ్య 29 ఆయెను.

లైసెన్సును నిరసించుట తుపాకిమీది మోజుచేత కాదు. అనుమతి యిచ్చు అధికారము ఎన్నడును అందరియెడల సమానముగా నడువలేదు. 1865లో, బానిసత్వము తొలగిన వెంటనే, మిసిసిపీ రాష్ట్రము విముక్తులైన నల్లవారు లైసెన్సు లేక తుపాకి పట్టరాదని శాసించెను. 1967లో కాలిఫోర్నియా, గుండ్లు నింపిన తుపాకులతో వీధులలో తిరుగుటను నిషేధించెను. అందుకు ప్రేరకము 'బ్లాక్ పాంథర్లు' అను నల్లజాతి యువకులు తమ వాడలలో పోలీసుల నడవడిని కనిపెట్టుచు ఆయుధములతో తిరుగుటయే. ఆ శాసనముపై సంతకము చేసిన గవర్నరు రొనాల్డు రీగను. మన దేశమున లిట్టను ప్రభువు కాలమున వచ్చిన 1878నాటి ఆయుధశాసనము భారతీయులకు లైసెన్సు విధించి ఐరోపావారిని మినహాయించెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులను కైకొనుటకు ఆ శాసనపు నీడలో నిరాయుధులైన ప్రజల స్థితియే వెనుకనున్న కారణము. అనుమతి చీటీ ఎవరి చేతికందునో, ఎవరి చేతికందదో చూచినయెడల ఆ రాజ్యమున ఎవరు మనుష్యులో తెలియును.

ఇక గ్రంథపు నడిమిభాగమునకు వత్తము. ఇంటియజమానికి తన యిల్లే కోటయని ఇంగ్లండులో 1604లోనే ఒక ప్రసిద్ధవ్యాజ్యమున న్యాయమూర్తులు ఒప్పుకొనిరి. ఇంటిలో తనపైకి వచ్చినవానినుండి పారిపోవలసిన విధి లేదు. ఇంటి వెలుపల మాత్రము, తప్పించుకొను త్రోవ యున్నయెడల ముందు తప్పించుకొనవలెనని అనేక రాష్ట్రములలో న్యాయము నడచినది. ఫ్లారిడా రాష్ట్రము 2005లో ఈ భేదమును తుడిచివేసెను. ఆ శాసనమునందు ముఖ్యముగా మూడంశములున్నవి. ఇంటిలోనికిగాని, మనుష్యులు కూర్చున్న బండిలోనికిగాని అక్రమముగా, బలవంతముగా చొరబడువాని వలన ప్రాణభయము కలిగినదని కోర్టు ముందుగానే ఊహింపవలెను, ఇది మొదటిది. తాను హక్కుతో నిలిచియున్న యేచోటనైనను వెనుకకు తగ్గవలసిన విధి లేదు, ఇది రెండవది. న్యాయముగా ఆత్మరక్షణము చేసికొన్నవానిపై క్రిమినలు వ్యాజ్యముగాని, సివిలు వ్యాజ్యముగాని నడువరాదు; ఇది మూడవది. లోకము దీనికి 'నీ చోట నీవు నిలువుము' అను శాసనమని పేరు పెట్టినది. తరువాత సగముకంటె ఎక్కువ రాష్ట్రములు ఇట్టి న్యాయమునే అవలంబించినవి.

వెనుకకు తగ్గనక్కరలేదన్న సూత్రమును మేము మనసార అంగీకరింతుము. కత్తి యెత్తినవాని యెదుట నిలిచి, వెనుక సందు ఎంత దూరమున్నదని కొలిచి చూచుకొనుమని, భద్రముగా కుర్చీలో కూర్చున్న న్యాయమూర్తి శాసించుట ధర్మము కాదు. ఇందుకు మరియొక బలమైన హేతువు ఆ 2005వ సంవత్సరముననే లభించినది. కొలరాడో రాష్ట్రమందు కాజిల్ రాక్ పట్టణమున, భర్త దగ్గరకు రాకూడదని కోర్టు ఉత్తరువు పొందిన ఒక స్త్రీ బిడ్డలు ముగ్గురను 1999లో ఆ భర్త ఎత్తుకొనిపోయెను. ఆమె పోలీసులను పలుమారు ప్రాధేయపడెను. వారు కదలలేదు. తెల్లవారకముందే ఆ ముగ్గురు బాలికలును హతులైరి. ఆ తల్లి పట్టణముపై తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఆ ఉత్తరువును పోలీసులచే అమలు జరిపించుకొనుటకు ఆమెకు రాజ్యాంగరీత్యా హక్కు లేదని 2005లో తీర్పు చెప్పెను. ఈ తీర్పునకు ప్రక్కన ఫ్లారిడా శాసనమును పెట్టి చదివినగాని దాని అర్థము పూర్తి కాదు. నిన్ను రక్షించు బాధ్యత నాకు లేదని చెప్పిన ప్రభుత్వము, నేను వచ్చువరకు నీవు వేచియుండుమని చెప్పుటకు అర్హత కోలుపోయినది.

2017లో ఫ్లారిడావారు చేసిన సవరణమును గూడ మేము మెచ్చుదుము. నాటినుండి విచారణకు ముందు జరుగు పరిశీలనలో, ఇది ఆత్మరక్షణము కాదని ఋజువు చేయవలసిన భారము ప్రభుత్వపక్షముపై పడినది. నేరము మోపువాడే నేరమును నిరూపింపవలెనన్నది స్వేచ్ఛకు ప్రాణమువంటి న్యాయము.

ఇంతవరకు స్తుతి. కాని స్వేచ్ఛ పేరు పెట్టుకొన్న ప్రతి శాసనమును స్వేచ్ఛావాది నెత్తికెత్తుకొనవలెనా? పేరు గంగాభవాని, త్రాగబోతే నీళ్లు లేవు అన్నట్లు కాకుండ చూచుకొనవలదా? మా యెరుకలో ఇట్టి శాసనమునకు మూడు పరీక్షలున్నవి. ప్రభుత్వమెదుట అది నిలుచునా? బలహీనుని చేతిలో అది పని చేయునా? పొరుగువాని హద్దును అది మన్నించునా?

మొదటి పరీక్ష. ఫ్లారిడా శాసనమునందు ఒక మినహాయింపు కలదు. లోనికి వచ్చినవాడు తన ఉద్యోగధర్మమును నెరవేర్చు పోలీసై, తానెవరో తెలిపినను, లేక ఇంటివాడు దానిని తెలిసికొనదగియున్నను, ప్రాణభయమును గూర్చిన ఊహ వర్తింపదు. చదువుటకు ఇది సహేతుకముగనే యున్నది. పోలీసులపై ఎవరును కాల్పులు జరుపవలెనని మేము కోరము. కాని అర్ధరాత్రి నిద్రమేల్కొన్నవానికి తలుపు పగులగొట్టుచున్నది దొంగయో పోలీసో ఎట్లు తెలియును? 2020 మార్చిలో కెంటకీ రాష్ట్రమందు లూయివిల్ నగరమున బ్రియోన్నా టెయిలరను యువతి యింటి తలుపును పోలీసులు రాత్రివేళ పగులగొట్టిరి. దొంగలు చొరబడిరని తలచి ఆమె మిత్రుడు ఒకసారి కాల్చెను. పోలీసులు మరల కాల్చిన గుండ్లకు ఆమె నేలకొరగెను. కెంటకీయందును 2006నుండి 'నీ చోట నీవు నిలువుము' అను న్యాయమున్నది. అయినను మొదట హత్యాయత్నపు నేరము మోపబడినది ఆ మిత్రునిపైననే. తరువాత దానిని ఉపసంహరించుకొనిరి. అంతకుముందు 2016లో, మిన్నెసోటా రాష్ట్రమున ఫిలాండో కాస్టీలను యువకుని బండిని పోలీసొకడు ఆపెను. తనయొద్ద తుపాకి యున్నదని ఆ యువకుడు తానై మర్యాదగా తెలిపెను. అతనికి లైసెన్సున్నది. అయినను క్షణములలో ఆ పోలీసు అతనిని కాల్చి చంపెను. మరుసటి యేట జూరీ ఆ పోలీసును నిర్దోషియని విడిచిపెట్టెను.

కంచెయే చేను మేసినపుడు చేను ఎవరితో చెప్పుకొనును? ఆయుధధారణమును కీర్తించు పెద్దలలో పలువురు ఈ రెండు మరణములను గూర్చి నోరు విప్పుటకు జంకిరి. మా దృష్టిలో ఇవియే ముఖ్యమైన వ్యాజ్యములు. దొంగ యెదుట మాత్రమే పనికివచ్చు హక్కు సగము హక్కు. లూయివిల్ సంఘటన తరువాత కెంటకీ శాసనసభ 2021లో, తలుపు తట్టకుండ చొరబడుటకు అనుమతించు వారంటులకు గట్టి హద్దులు విధించెను. ఆ శాసనమునకు ఆత్మరక్షణ శాసనమను పేరు లేదు. అయినను తుపాకిని గూర్చి ఒక్క వాక్యమైనను చేర్చకయే గృహస్థునకు అది చేసిన మేలు, ఆ పేరుగల పెక్కు శాసనములు చేసినదానికంటె ఎక్కువయని మేము తలంతుము.

రెండవ పరీక్ష. 2010లో ఫ్లారిడాలోని జాక్సన్‌విల్ నగరమున, భర్తచేత దెబ్బలు తినిన చరిత్రగల ఒక నల్లజాతి స్త్రీ, అతడు మీదికి వచ్చునని భయపడి, హెచ్చరికగా ఒక గుండు ప్రేల్చెను. ఎవరికిని గాయము కాలేదు. న్యాయమూర్తి ఆమెకు ఆత్మరక్షణ శాసనపు రక్షణ నీయలేదు. కాల్పులు జరిగినయెడల ఇంత కాలము తగ్గకుండ శిక్షింపవలెనని నిర్ణయించిన మరియొక శాసనమును బట్టి 2012లో ఆమెకు 20 సంవత్సరముల చెరసాల విధింపబడెను. అప్పీలులో ఆ తీర్పు రద్దయి, కడకు ఒప్పందముమీద 2015లో ఆమె చెర వీడెను. చంపినవాడు నిలువదగును గాని, చంపక బెదరించినవారు మాత్రము చెరసాలకు పోవలెనా? 2014లో ఫ్లారిడావారే హెచ్చరికకును రక్షణ వర్తించునట్లు శాసనమును దిద్దుకొనిరి. అది వారి గౌరవమునకు తగిన పని. అయినను ప్రాణభయపు ఊహను గూర్చిన నియమమును మరల చదువుడు. లోనికి వచ్చినవాడు ఆ యింట నివసించు హక్కుగలవాడైనయెడల, అతనిని వారించు కోర్టు ఉత్తరువు లేకున్నచో, ఆ ఊహ వర్తింపదు. గోడ దూకి వచ్చు అపరిచితుని తలచుకొని వ్రాసిన శాసనమిది. స్త్రీలలో పలువురకు భయము గోడ దూకి రాదు. అదే యింట, అదే కంచములో అన్నము తినుచుండును. మన దేశమున సంఘసంస్కర్తలు గృహమునందలి బలాత్కారమును గూర్చి ఎన్ని పుటలు వ్రాసిరో ఎరిగిన చదువరులకు దీనిని విస్తరించి చెప్పనక్కరలేదు.

అదే ఫ్లారిడాలో 2012 ఫిబ్రవరిలో, సాన్‌ఫర్డు పట్టణమున, ట్రేవాన్ మార్టినను పదునేడేండ్ల నల్లజాతి బాలుడు, వాడకు కావలికాయుచున్నానని చెప్పుకొనిన ఒక ఆయుధధారి చేతిలో మరణించెను. ఆ మనుష్యుని జూరీ 2013లో నిర్దోషియనెను. అతని న్యాయవాదులు వ్యాజ్యము నడువరాదను ప్రత్యేకరక్షణను విచారణకు ముందు కోరలేదు. అయినను, వెనుకకు తగ్గనక్కరలేదన్న వాక్యము జూరీకి బోధింపబడెను. ఆ తీర్పును మేము మరల విచారింపము. సాక్ష్యమును వినినవారు జూరర్లు, మేము కాము. కాని శాసనమును గూర్చి ఒక్క ప్రశ్న వేయకుండ ఉండజాలము. హక్కుతో నిలిచిన చోట నిలువవచ్చునన్న వాక్యము, మిఠాయి కొనుక్కొని తిరిగి వచ్చుచున్న ఆ నిరాయుధబాలునికిని వర్తింపదా? చీకటిలో తన్ను వెంబడించువానిని చూచి అతనికి కలిగిన భయము భయము కాదా? చచ్చినవాడు సాక్ష్యము చెప్పడు. కావున బ్రదికియున్నవాని భయమునే కొలుచు శాసనము, ముందుగా కాల్చినవానివైపు మొగ్గును. స్వేచ్ఛావాదము ముందుగా బలము ప్రయోగించినవాడెవడని అడుగును. ముందుగా కాల్చి బ్రదికినవాడెవడని కాదు.

ఈ పరీక్షలోనే మన తెలుగు యువకులకు సంబంధించిన అంశమొకటి కలదు. రాష్ట్రములు ఎంత ఉదారముగా శాసించినను, ఫెడరలు శాసనము తాత్కాలిక వీసాపై వచ్చినవారికి తుపాకి యుంచుకొనుట సామాన్యముగా నిషేధించుచున్నది. వేట లైసెన్సుగలవారికి మొదలగు కొన్ని మినహాయింపులు మాత్రమున్నవి. హెచ్-1బి వీసాపై పది సంవత్సరములు పన్నులు చెల్లించి, ఇల్లు కొనుక్కొని, పిల్లలను బడికి పంపుచున్నవాడును ఇందులోనివాడే. ఆత్మరక్షణము దైవదత్తమైన హక్కని సభలలో ఉపన్యసించువారిని మేము వినయముతో అడుగుదుము: ఆ దైవము వీసా కాగితమును చూచి హక్కునిచ్చునా? 2024లో సుప్రీంకోర్టు, తన భార్యాబిడ్డలకు ప్రమాదకారియని కోర్టు విచారించి నిర్ణయించినవానియొద్ద తుపాకి తీసికొనవచ్చునని తీర్పు చెప్పెను. ఒకని నడవడిని విచారించి వాని చేతిని కట్టుటకును, ఒక తరగతి మనుష్యులనందరిని విచారణ లేక నిరాయుధులను చేయుటకును గల భేదమును ఇందు గ్రహింపవలెను. మొదటిది న్యాయము, రెండవది 1878నాటి పాత పాట.

మూడవ పరీక్ష పొరుగువాని హద్దు. లైసెన్సుగల ఉద్యోగి తన బండిలో తుపాకి యుంచుకొని పనిచేయు స్థలపు ఆవరణములో నిలుపుకొనుటను యజమాని నిషేధింపరాదని ఫ్లారిడా 2008లో శాసించెను. తుపాకి ఉద్యోగిదే; కాని నేల యజమానిది. నా యింటికి రావలదని తుపాకిధారితో చెప్పు హక్కు నాకు లేనియెడల, నా యిల్లు కోటయన్న మాటకు అర్థమేమి? 2011లో ఆ రాష్ట్రమే మరియొక శాసనము చేసి, రోగుల యింట తుపాకులున్నవా యని వైద్యులు అనవసరముగా ప్రశ్నింపరాదనెను. చిన్నబిడ్డలున్న తల్లిని ఆ ప్రశ్న యడుగుట వైద్యునికి ఉచితముగా తోచవచ్చును. సమాధానము చెప్పకుండుట తల్లి యిష్టము. నోటికి తాళము వేయు అధికారము ప్రభుత్వమునకెక్కడిది? ఫెడరలు అప్పీలు కోర్టు 2017లో ఆ శాసనపు ముఖ్యభాగములను కొట్టివేసి మంచిపని చేసెను. తుపాకికి స్వేచ్ఛనిచ్చుటకై భూమికిని, మాటకును సంకెళ్లు వేసిన శాసనములివి. వీనిని స్వేచ్ఛావాదము ఒప్పదు.

సివిలు వ్యాజ్యమును నిషేధించిన నియమమును గూడ ఇచ్చటనే చేర్చుదుము. క్రిమినలు వ్యాజ్యమున ఎదుటిపక్షము ప్రభుత్వము. అందు ప్రభుత్వపు చేతిని కట్టుట మాకిష్టమే. కాని సివిలు వ్యాజ్యమున వచ్చునది చనిపోయినవాని తల్లి, లేక భార్య. రక్షణ వర్తించునని కోర్టు నిర్ణయించినచో, ఆ వ్యాజ్యము పోవుటయే కాక, ఎదుటివాని న్యాయవాది ఖర్చులను గూడ ఆమెయే చెల్లించుకొనవలెను. ఒక పౌరుడు మరియొక పౌరునినుండి నష్టపరిహారము కోరుట ప్రభుత్వపు దౌర్జన్యము కాదు. వ్యక్తిహక్కులలో అదియు నొకటి. దానిని అడ్డగించునది ప్రభుత్వమే.

మా ప్రతిపక్షులు చెప్పు లెక్కలను దాచుట మాకు మర్యాద కాదు. 2017లో ప్రకటింపబడిన ఒక వైద్యపత్రికా పరిశోధనమునందు, ఫ్లారిడాలో 2005నాటి శాసనము వచ్చిన పిదప నెలవారీ హత్యల ప్రమాణము 24.4 శాతము పెరిగినదని కలదు. ఇటు, ఆయుధధారణము పెరిగిన నేరములు తగ్గునని 1998లో జాన్ లాట్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు గ్రంథము వ్రాసెను. దేశపు పండితపరిషత్తు 2004లో ఆ యంకెలను పరిశీలించి, అటు గాని యిటు గాని నిశ్చయించుటకు సాక్ష్యము చాలదనెను. హక్కు యంకెలమీద నిలువదని మనవారు కొందరు వెంటనే సమాధానము చెప్పుదురు. ఆ సమాధానము సగమే సరియైనది. తన్ను తాను రక్షించుకొను హక్కు యంకెలమీద ఆధారపడదు, ఇది నిజము. కాని భయమును ముందుగా ఊహించు నియమము, వ్యాజ్యమును అడ్డుకొను నియమము, ఇవి పుట్టుకతో వచ్చినవి కావు. శాసనసభ చేసిన పనిముట్లు. పనిముట్టును దాని పనిచేతనే కొలువవలెను. హక్కు చాటున పనిముట్టును దాచి, విమర్శించినవానిని హక్కునకు శత్రువనుట వాదము కాదు.

ఇంతయు పరదేశపు సంగతి యని చదువరులు తృప్తిపడరాదు. మన దేశమున 1860నాటి శిక్షాస్మృతి ఆత్మరక్షణపు హక్కును విస్పష్టముగా ఒప్పుకొన్నది. 2024 జూలై 1నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితయు 34 మొదలు 44వరకు గల సెక్షనులలో దానినే నిలుపుకొన్నది. అయితే 37వ సెక్షనును చదువుడు. ప్రభుత్వాధికారుల రక్షణను పొందుటకు వ్యవధియున్నచో ఆ హక్కు లేదు. ప్రభుత్వోద్యోగి సద్భావముతో చేసిన పని, న్యాయముచేత పూర్తిగా సమర్థింపబడనిదైనను, ప్రాణభయమునకుగాని ఘోరగాయభయమునకుగాని సహేతుకకారణము లేనంతవరకు, అతనియెడల ఆ హక్కు లేదు. మనవారు తుపాకి విషయమున అమెరికావారికి ఎంతో దూరమున్నారు. పాలకుడు తన్ను తాను మినహాయించుకొను అలవాటున మాత్రము ఇద్దరును ఒక్కటే.

కావున ఇట్టి శాసనములను చదువబూనువారికి మేము చెప్పునది స్వల్పము. మొదటి సెక్షను ఎప్పుడును సుందరముగా నుండును. అందు స్వేచ్ఛ, గృహము, ధైర్యము అను మాటలుండును. దానిని చివరకు చదువుడు. ముందు మినహాయింపులను చదువుడు. ఎవరు వచ్చినపుడు తలుపు తెరువక తప్పదో, ఎవరి భయమును భయముగా లెక్కింపరో, ఎవరి నోరు మూయబడినదో, చనిపోయినవాని తల్లికి కోర్టువాకిట ఏమి చెప్పుదురో అక్కడ వ్రాసియుండును. ఆ పుటలను చదివిన పిదపను మొదటి సెక్షను సుందరముగానే కనబడినయెడల, అది నిజముగా స్వేచ్ఛాశాసనమే.